చిన్న లీకేనండీ!

పాత చేపల తొట్లు అమ్మేవాళ్లంతా ఒకే బడిలో చదువుకుని ఉంటారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అడగండి, జుమేరాత్ బజార్‌లో అడగండి, ఫోనులో ప్రకటన చూసి ఏదో అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తుకు వెళ్లి అడగండి, అప్పజెప్పే పాఠం ఒకటే. "మూడడుగుల తొట్టండీ. స్టాండు, మూత, మోటారు, లైటు అన్నీ ఇచ్చేస్తున్నాం. రంగు రాళ్లు ఫ్రీ. ఇల్లు మారుతున్నాం గానీ, లేకపోతే ఇచ్చే వస్తువు కాదు." డబ్బులు చేతులు మారాక, తొట్టికి ఒక కొస మీరూ ఒక కొస ఆయనా పట్టుకుని లిఫ్టు దాకా వచ్చాక, అప్పుడు బయటపడుతుంది అసలు ముక్క. "ఓ మూల చిన్న లీకుందండీ. కాస్త సిలికాన్ పూస్తే అయిపోతుంది."

అంత తేలికైతే ఆయనే ఎందుకు పూయలేదు? ట్యూబు రెండు మూడు వందలు. పని పది నిమిషాలని ఆయనే అంటున్నాడు. పూసి అమ్ముకుంటే ఇంకో వెయ్యి ఎక్కువ వచ్చేది. మరెందుకు పూయలేదంటే, పూశాడు. ఆయనే కాదు, ఆయనకు అమ్మినాయనా పూశాడు. మూలలో వేలు పెట్టి తడిమి చూడండి. అడుగున పారదర్శకంగా ఉండే అసలు సిలికాన్, దాని మీద తెల్లటిది, తెల్లదాని మీద నల్లటిది, బయటి వైపు బొటనవేలి ముద్రలతో సహా గట్టిపడిపోయిన ఎమ్‌సీల్ ముద్ద. పురావస్తు శాఖ వాళ్లను పిలిస్తే ఏ పొర ఏ యజమాని హయాందో తేల్చి చెప్పగలరు.

ఇంతకీ ఆ మూల మీద పడే భారమెంతో చూద్దాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో నాలుగున్నర ఘనపుటడుగుల నీళ్లు పడతాయి. అంటే సుమారు 127 లీటర్లు, అన్నే కిలోలు. అద్దాలు, రాళ్లు కలిస్తే 150 కిలోలు దాటుతుంది. అంచు దాకా నింపితే ముందు అద్దం ఒక్కదాన్నే నీళ్లు బయటికి నెట్టే బలం 90 కిలోల పైమాట. భారీ మనిషొకడు లోపల కూర్చుని పగలూ రాత్రీ ఆ అద్దాన్ని భుజంతో తోస్తున్నట్టే లెక్క. వాణ్ని ఆపుతున్నది మేకులు కాదు, ఇనుప పట్టీలు కాదు. అద్దానికీ అద్దానికీ మధ్య సన్నటి సిలికాన్ అతుకు. లోపలి మూలల వెంట మన కంటికి కనబడే పూత ఆ అతుక్కి కాపలా మాత్రమే.

ఈ సిలికాన్‌కో గుణం ఉంది. అద్దమంటే దానికి ప్రాణం. ఎప్పుడో ఆరిపోయిన పాత సిలికాన్ అంటే మాత్రం దాయాది. పక్కన కూర్చుంటుంది గానీ కలవదు. పాతదాని మీద కొత్తది ఎంత పూసినా నాలుగు రోజులు మర్యాదగా ఉండి, ఐదోరోజు గోటితో లాగితే రిబ్బనులా ఊడి వస్తుంది. ఇక బయటి నుంచి పెట్టే ముద్దల సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్లు తోసేది లోపలి నుంచి. బయటి మాసికను ఊడబెరకడానికే అవి కాచుకుని ఉంటాయి. కారే కుళాయి గొట్టానికి బ్రహ్మాండంగా పనిచేసే ఎమ్‌సీల్‌ను ఇక్కడ పెట్టి, అది ఊడితే ఎమ్‌సీల్‌ను తిట్టడం అన్యాయం.

అయినా మనకు సలహాలకు కొదవ లేదు. బావమరిది వచ్చి ఫెవిక్విక్ అంటాడు. వాచ్‌మన్ కొవ్వొత్తి మైనం అంటాడు. కింది పోర్షన్ పెద్దాయన, తన మోటారు సైకిల్ పెట్రోలు ట్యాంకు కారుతుంటే సబ్బు ముక్క రుద్ది ఊరి దాకా నడిపిన వైనం మూడోసారి చెప్పి, మన తొట్టికీ సబ్బే రుద్దమంటాడు. పెట్రోలు ట్యాంకులో గప్పీలు ఉండవన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి?

వీళ్లందరికంటే ప్రమాదం హార్డ్‌వేర్ కొట్టాయన. చేపల తొట్టికని చెప్పినా వినిపించుకోకుండా బాత్‌రూం సిలికాన్ తీసి ఇస్తాడు. పైగా "ఫంగస్ రాదు సార్, గ్యారంటీ" అని భరోసా. ఆ గ్యారంటీయే ముప్పు. బూజు పట్టకుండా అందులో కలిపిన మందు నీళ్లలోకి దిగితే చేపలకు విషం. వెనిగర్ వాసన వస్తే చేపలకు మంచిదేనని ఇంకో నమ్మకం. ఆ వాసన బాత్‌రూం రకాల్లో కూడా చాలావాటికి వస్తుంది. చూడాల్సింది వాసన కాదు, ట్యూబు మీద అక్షరాలు. అక్వేరియంకు పనికొస్తుందని రాసి ఉండాలి. మనం ట్యూబు మీద ధర తప్ప చదివే రకం కాదు కాబట్టి చేపలు మన చదువుకు మూల్యం చెల్లిస్తాయి.

వాస్తు పండితుల ప్రస్తావన లేకుండా చేపల తొట్టి కథ పూర్తి కాదు. ఈశాన్యంలో నీళ్లుంటే ఇంట్లో ధనం నిలుస్తుందని ఒకరంటారు. ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు, ఒక నల్ల చేప ఉంటే ఇక తిరుగే లేదని చైనా నుంచి దిగుమతైన వాస్తు చెబుతుంది. బాగానే ఉంది. నీళ్లుంటే ధనం నిలిస్తే, నీళ్లు కారితే ధనం ఏమవ్వాలి? ఈ ప్రశ్నకు ఏ పండితుడూ జవాబివ్వడు. ఇంటి మూల గురించి గంటసేపు చెప్పే ఆయన, తొట్టి మూల గురించి ఒక్క ముక్క మాట్లాడడు. తెల్లారేసరికి తొట్టి ఖాళీ అయి చేపలు రాళ్ల మీద పడి ఉంటే, దానికి మాత్రం సమాధానం తయారుగా ఉంటుంది. "ఇంటికి రావలసిన గండం అవి తీసుకుపోయాయి." కారే తొట్టి కొనుక్కొచ్చి గండాన్ని ఇంటికి తెచ్చిందెవరు? చేపలైతే కాదు.

సరే, పని ఎలా చేస్తారో కూడా చెప్పుకుందాం, పది నిమిషాల మాట తేలిపోతుంది. ముందు అసలు లీకుందో లేదో తెలియాలి. కరెంటు పోయినప్పుడు నీటిమట్టం కంటే కింద పెట్టిన ఎయిర్ పంపు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి దిగి స్టాండంతా తడిపేస్తాయి. రూపాయల్లో దొరికే చెక్ వాల్వుతో పోయేదానికి తొట్టి మొత్తం గీకిన మహానుభావులున్నారు. నిజంగా లీకే అయినా, నీళ్లు బొట్టుబొట్టుగా పడేచోటే కన్నం ఉంటుందని లేదు. వెనక ఎడమ మూలలో బయటపడ్డ చెమ్మ అడుగంచు వెంట పాకి ముందు కుడివైపు రాలుతుంది. అతుకుల కింద పొడి న్యూస్ పేపరు ముక్కలు పెట్టి ఏది ముందు తడుస్తుందో చూడాలి. మనం బొట్టు రాలినచోటే పూస్తాం.

చోటు దొరికాక తొట్టిని ఖాళీ చేసి, ఎండబెట్టి, లోపలి పూతంతా తీసెయ్యాలి. కారే మూల ఒక్కటే కాదు, నాలుగు నిలువు మూలలూ, అడుగున నాలుగంచులూ. పాతదాన్ని పాతిక శాతం ఉంచితే కొత్తది వచ్చి తగిలేది ఆ దాయాదికే. బ్లేడు పల్చగా పడుకోబెట్టి గీకుతుంటే సిలికాన్ తునకలుగా వస్తుంది. ఇక్కడ చెయ్యి జారితే బ్లేడు రెండద్దాల మధ్యలోని అసలు అతుకులోకే దిగుతుంది, అప్పుడు నిజంగా తొట్టి విప్పాల్సిందే. అద్దం శుభ్రపడిందనుకున్నాక కూడా వేలు పెడితే జారే జిడ్డు పొర ఒకటి మిగులుతుంది. అసిటోన్ గుడ్డతో తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ తుడిచి, మూలకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించాలి. గన్నుతో ఒకే ఊపున గీత లాగి, తడివేలితో ఒకసారి నొక్కుతూ దిద్ది, మీగడ కట్టేలోగా టేపు లాగెయ్యాలి.

ఇక మనవాళ్లకు చేతకాని పని మొదలవుతుంది. అదే ఊరుకోవడం. సిలికాన్ పైన తాకితే గంటలో ఆరినట్టే ఉంటుంది. లోపల మాత్రం రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతే గట్టిపడుతుంది. మందంగా పూసిన మూలకు రోజులు కావాలి. ఈలోగా బకెట్లో చేపలు, బకెట్ చుట్టూ పిల్లలు, "ఇంకెప్పుడు నాన్నా?" అన్న పాట. నాన్న ఆ రాత్రే నీళ్లు పోసేస్తాడు. అర్ధరాత్రి తొట్టి తన అభిప్రాయం చెబుతుంది. స్టాండు అరలో ప్లగ్గు బోర్డు, పక్కనే ఇన్వర్టరు. నీళ్లకు దారి చూపించి మరీ ఏర్పాటు చేసుకున్నట్టుంటుంది. ఇక్కడ నవ్వులాట లేదు. తడిసిన బోర్డు ప్రాణాలు తీస్తుంది, బోర్డు తొట్టి కింద ఉండకూడదు.

ఇంత విన్నాక అమ్మినాయనను నిలదీస్తే ఆయన దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. "జర్మనీ వాళ్లదే పగిలింది సార్, మనదెంత!" నిజమే. 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఒక హోటల్ హాల్లో నిలబెట్టిన అక్వాడోమ్ పగిలి పది లక్షల లీటర్ల నీళ్లు వీధిలోకొచ్చాయి. సుమారు 1,500 చేపల్లో దాదాపు అన్నీ పోయాయి. అది అద్దం కాదు, ఆక్రిలిక్. అంతకు ముందే మరమ్మతులు పూర్తి చేసుకుని మళ్లీ తెరిచిన తొట్టి. ఎందుకు పగిలిందో నిపుణులు కచ్చితంగా తేల్చలేకపోయారు. ఇంజినీర్లు సరిచేసిన తొట్టికే ఆ గతి పట్టిందంటే, బావమరిది ఫెవిక్విక్ పెట్టిన తొట్టిని హాల్లో పెట్టుకోవచ్చని అర్థమా, పెట్టుకోకూడదని అర్థమా? మా అమ్మకందారు మొదటి అర్థమే తీస్తాడు.

పాత తొట్టి కొనడం తప్పేమీ కాదు. అద్దం ముసలిదవదు. అతుకు బాగున్న పాత తొట్టి, హడావిడిగా అతికించిన కొత్త తొట్టి కంటే నయం. అమ్మేవాళ్లకు ఒకటే మనవి. ఫొటోలో చేపలు చూపించడం మాని, చదునైన నేల మీద నీళ్లు నింపి రెండు రోజులుంచి, అడుగున పరిచిన పొడి పేపరు చూపించండి. కొనేవాళ్లు ఆ పేపరు చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. నీళ్లు పోసి చూపించడానికి ఆయన ఒప్పుకోకపోతే మూత, లైటు, మోటారుకు ధర కట్టి తెచ్చుకోండి. అద్దాల పెట్టె కూడా అంటగడితే, మట్టి నింపి మొక్కలు పెట్టుకోండి. చేపలను మాత్రం అందులో వెయ్యకండి.