సర్, మెయిల్ పెట్టాను సర్

ఇంజనీరింగ్ ఫైనలియర్ కుర్రాడు మెయిల్ పంపితే ఆ కబురు నాలుగు దారుల్లో చేరుతుంది. రాత్రి పన్నెండు కావస్తుండగా మెయిల్ వస్తుంది. మూడు నిమిషాల్లో వాట్సాప్‌లో "సర్, మెయిల్ పెట్టాను సర్, చూడండి సర్" అని మెసేజ్ దిగుతుంది. తెల్లవారి ఏడింటికి ఫోన్: "సర్, వాట్సాప్ చూశారా సర్?" తొమ్మిదిన్నరకు కాలేజీకి వెళ్లేసరికి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో తనే నిలబడి ఉంటాడు. ఇంత హడావిడి జరిగినా మెయిల్‌లో ఏముందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు. సబ్జెక్టు గడి ఖాళీ, లోపలా ఖాళీ, అడుగున "న్యూ డాక్ నాలుగు" అనే పీడీఎఫ్ ఒకటి.

ఖాళీగా పంపని రోజున ఇంకో పద్ధతి. క్రిందటేడు దసరా సెలవుల గురించి నేను క్లాసందరికీ పంపిన మెయిల్‌ను తవ్వి తీసి, దానికే రిప్లై కొడతాడు. నా అడ్రసు దొరికే దారి అతనికి తెలిసింది అదొక్కటే. పైన "రీ: రీ: దసరా సెలవులు" అని ఉంటుంది, లోపల ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్ట్ ఉంటుంది. ఆ దసరా కింద ఇప్పటికి రెండు మెడికల్ సర్టిఫికెట్లు, అటెండెన్స్ తగ్గినందుకు ఒక వేడికోలు, వాళ్లక్క పెళ్లి శుభలేఖ వచ్చి చేరాయి.

అతని అడ్రసు గురించి వేరే చెప్పాలి. రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు 1971లో మనిషి పేరుకీ, అతని కంప్యూటర్ పేరుకీ నడుమ యాట్ గుర్తు పెట్టి నెట్‌వర్క్ మీద మెయిల్ పంపాడు. ఎడమ పక్కన మనిషి పేరు ఉండాలన్నది అప్పటి ఏర్పాటు. మనవాడికి ఎడమ పక్కన "రౌడీబాయ్ చింటూ" ఉంటాడు. ఎనిమిదో తరగతిలో ఫోన్‌లో గేమ్ ఆడుకోవడానికి తీసిన అకౌంటు అది. తర్వాత ఎంట్రన్సు అప్లికేషన్ నింపుతూ నెట్ సెంటర్ అన్న "మెయిల్ ఐడీ చెప్పు తమ్ముడూ" అంటే నోటికొచ్చింది అదే. ర్యాంకు కార్డు, స్కాలర్‌షిప్, పాస్‌పోర్టు అన్నీ ఆ రౌడీబాయ్ పేరనే వచ్చాయి. పాస్‌వర్డ్ ఇప్పటికీ నెట్ సెంటర్ అన్నకే బాగా గుర్తు. కొత్తది తీసుకోవయ్యా అంటే, తాతల నాటి పొలం అమ్మమన్నట్టు చూసి, "ఓటీపీలన్నీ దానికే వస్తాయి సర్" అంటాడు. అందుకని రెజ్యూమెలో పేరు కిందే రౌడీబాయ్ ఉంటాడు, ఆ కింద "సవాళ్లతో కూడిన ఉద్యోగం నా ఆశయం" అని ఇంగ్లీషులో ఉంటుంది.

ఇదంతా విని కుర్రాడికి మర్యాద తెలీదనుకునేరు. మర్యాద ఎక్కువై విషయం మునిగిపోవడం అతని జబ్బు. మన బళ్లలో ఇంగ్లీషు ఉత్తరమంటే లీవ్ లెటర్. ఎడమ పక్కన ఫ్రమ్, దాని కింద టూ, నడుమ జ్వరం, చివర యువర్స్ ఒబీడియెంట్లీ. ఆ జ్వరం ఏడో తరగతిలో వచ్చింది, ఇంకా వదల్లేదు. మెయిల్ లోపల కూడా ఫ్రమ్, టూ, తేదీ, ఊరు రాస్తాడు. ఆ పని యంత్రం ముందే చేసేసిందంటే నమ్మడు. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అని ఇద్దరినీ పిలుస్తాడు, ఎవరుంటే వాళ్లు పలుకుతారని. మొదటి పేరాలో తన పేరు, బ్రాంచి, కాలేజీ, జిల్లా. రెండో పేరాలో నా విలువైన కాలం వృథా చేస్తున్నందుకు క్షమాపణ. మూడో పేరాలో అలా క్షమించినందుకు ధన్యవాదాలు. అడగవలసిన ముక్క, అంటే రికమెండేషన్ లెటర్ ఏ యూనివర్సిటీకి, ఏ తేదీలోగా అన్నది, ఎక్కడా కనబడదు. రోల్ నంబరు అసలే ఉండదు. మా సెక్షన్‌లో సాయి పేరుతో తొమ్మండుగురున్నారు.

అటాచ్‌మెంట్ ఘట్టానికి వద్దాం. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మనవాడూ ఇంచుమించు అప్పుడే పుట్టాడు. ఈడువాళ్లన్న మాటేగానీ ఇద్దరికీ పడదు. "అటాచ్డ్" అని రాసి ఫైలు మరిచిపోతే జీమెయిల్ పాపం, ఏదీ ఫైలు అని అడుగుతుంది. తెరమీద ఏది లేచినా చదవకుండా ఓకే నొక్కడం చిన్నప్పట్నుంచీ అలవాటైన చెయ్యి, దీన్నీ నొక్కేస్తుంది. పంపింది వెనక్కి తీసుకోవడానికి ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు గడువుంటుంది. అతనికి ముప్ఫయ్యొకటో సెకనులో గుర్తొస్తుంది. ఫైలు పెట్టిననాడు అది 25 ఎంబీ దాటుతుంది, ఎందుకంటే రిపోర్టు పేజీలన్నీ హాస్టల్ మంచం మీద పరిచి ఫోన్‌తో ఫొటోలు తీశాడు. పక్కన దుప్పటి పువ్వులు కూడా వస్తాయి. అంత బరువు మెయిల్ మోయలేదు గనక డ్రైవ్ లింకు వస్తుంది. నొక్కితే, చూడటానికి మీకు అనుమతి లేదు, యజమానిని అడగండి అంటుంది. సరేనని అడుగుతాను. ఆ అభ్యర్థన రౌడీబాయ్ గారి పెట్టెలో చదవని మూడు వేల మెయిళ్ల మధ్య పడి ఉంటుంది.

అమెరికా చదువు గాలి సోకాక అదే కుర్రాడు ఒక్క రాత్రిలో నలభై మంది ప్రొఫెసర్లకు ప్రేమలేఖలు రాస్తాడు. ఉత్తరం ఒకటే, పేర్లు మారతాయి. కాపీ కొట్టి అంటించిన పేరు తక్కిన అక్షరాలకంటే పెద్దదిగా, బూడిదరంగు నేపథ్యంతో నిగనిగలాడుతుంది. "మీ పరిశోధనలు లోతుగా చదివాను" అన్న వాక్యం కెమిస్ట్రీ ఆయనకీ, కాంక్రీటు ఆవిడకీ సమానంగా వెళుతుంది. ఒకడైతే తెలివిగా శ్రమ తగ్గించుకుని నలభై అడ్రసులూ టూ గడిలోనే పెట్టాడు. ఎవరూ జవాబివ్వలేదు సర్ అని వారం రోజులు దిగులుపడ్డాడు.

ఈమధ్య చాట్‌జీపీటీ చేతికొచ్చాక మెయిళ్లు నున్నబడ్డాయి. గంట క్రితం క్యాంటీన్‌లో నా ఎదుటే ఇడ్లీ తిన్నవాడు "ఈ మెయిల్ మిమ్మల్ని క్షేమంగా కనుగొంటుందని ఆశిస్తున్నాను" అన్న అర్థంలో ఇంగ్లీషులో పలకరిస్తాడు. నాలుగు పేరాలు, ఒక్క తప్పు లేదు. కింద సంతకం చోట చదరపు బ్రాకెట్లలో "మీ పేరు" అని ఉంది. నా పేరు నాకు తెలుసు. లింక్డ్‌ఇన్‌లోనూ అదే గొంతు. అరపూట వర్క్‌షాప్‌లో టీ, సమోసా, సర్టిఫికెట్ తీసుకున్నందుకు "ప్రకటించడానికి పులకించిపోతున్నాను" అంటాడు. కింద ముప్ఫైమంది "కంగ్రాట్స్ బ్రో". వాళ్లూ ఆ సమోసా తిన్నవాళ్లే.

నిజానికి రాయడం చేతకాక కాదు. మొన్న ఒకరోజు ఫోన్‌లో తన ప్రాజెక్టు వెతుకుతూ పొరపాటున ఫుడ్ యాప్‌కి పంపిన ఫిర్యాదు తెరిచాడు. చదివాను. ఆర్డరు నంబరు ఇది. రెండు బిర్యానీలకు డబ్బు కట్టాం, ఒకటే వచ్చింది. ఫొటో జత చేశాను. రెండోదాని డబ్బు ఈరోజే వెనక్కి వెయ్యండి. నాలుగు వాక్యాలు, ఫొటో నిజంగానే జతపడి ఉంది. పది నిమిషాల్లో డబ్బు వచ్చేసిందట.

"బాబూ, ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీకి కూడా ఇలాగే రాయరాదా?" అన్నాను.

"అక్కడ మనం కస్టమర్ కదా సర్. ఇక్కడ మనం అడుక్కునేవాళ్లం."

ఆ మాటకు నా దగ్గర చటుక్కున జవాబు లేకపోయింది. కూర్చోబెట్టి రాయించాను. రౌడీబాయ్‌ని పక్కన పెట్టించి కాలేజీ ఇచ్చిన మెయిల్ తెరిపించాను. సబ్జెక్టులో ఏ ఇంటర్న్‌షిప్, ఏ పేరు. లోపల ఏం చదివాడు, ఏం చేయగలడు, ఎప్పట్నుంచి రాగలడు, రెజ్యూమె జత. బిర్యానీ కంటే ఒక్క వాక్యం ఎక్కువ. మూడో రోజున గచ్చిబౌలి నుంచి హెచ్ఆర్ మేడమ్ రెండు లైన్ల జవాబిచ్చింది: గురువారం పదకొండింటికి ఆన్‌లైన్‌లో మాట్లాడుకుందాం, వీలవుతుందా?

అవుతుందని ఒక్క వాక్యం చాలు. మనవాడు పట్టుకొచ్చిన జవాబులో ఫ్రమ్, టూ, ఊరు, తేదీ, ఆవిడ అమూల్య సమయం అన్నీ తిరిగొచ్చాయి. ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. పైనున్న రెస్పెక్టెడ్ దగ్గర మాత్రం చెయ్యి పట్టుకున్నాడు.

"అదొక్కటీ ఉంచండి సర్. ఉద్యోగం ఇచ్చే తల్లి."

డియర్ చాలయ్యా అన్నాను. ఆడపిల్లని డియర్ అంటే బాగుండదు సర్ అన్నాడు. కాసేపు బేరమాడుకుని "డియర్ రెస్పెక్టెడ్ మేడమ్" దగ్గర ఇద్దరం రాజీకొచ్చాం.