మహారాజశ్రీ ఉడుత గారికి

అయ్యా,

హైదరాబాదు కోఠిలో సుల్తాన్‌బజారు వెనక సందులో జామచెట్టున్న ఇంటి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం రోజూ కళ్లారా చూస్తూనే ఉన్నాం.

మా సందులో పెంకుటిళ్లు పోయి కాంప్లెక్సులు లేచాయి. పెరడు మిగిలిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జామచెట్టు కొట్టేస్తే బండ్లకు జాగా వస్తుందని ఇంట్లో అంటే తమరి కోసమే నేను ఒప్పుకోలేదు. ఎండాకాలం మూకుడులో నీళ్లు పెట్టాను. గోడ మీద నూకలు చల్లాను. పిల్లి మాటేస్తే కర్ర పట్టుకుని ఉరికాను. తమరు వెంటిలేటర్‌లో గూడు కట్టి పిల్లల్ని పెడితే, కళ్లు తెరవని ఆ పసికూనలు బయటికి వచ్చేదాకా ఆ గదిలో ఫ్యాను వెయ్యనివ్వలేదు.

ఇక తమరు చేసినవి.

మొదటిది జామకాయ. వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడతారు. రెండు చేతులా కాయను తిప్పుకుంటూ, పండిన వైపు నాలుగు కొరుకులు కొరికి వదిలేస్తారు. కింద పడింది చీమల పాలు. వెంటనే పక్క కాయ! తినే హక్కు తమరికుంది, పాడుచేసే హక్కు లేదు.

రెండోది దానిమ్మ. కాయకు గుడ్డ కడితే గుడ్డ చింపారు. తొక్కకు బొక్క పెట్టి గింజలన్నీ తోడేశారు.

మూడోది బొంత. మా అమ్మ తన పాత చీరలతో కుట్టింది. ఎండకు వేస్తే అంచులు కొరికి, పీలికలు గూటికి మోసుకుపోయారు. దాన్ని మళ్లీ అలా కుట్టడానికి అమ్మ లేదు.

నాలుగోది మోటరు వైరు. అదీ కొరికేశారు. కరెంటు సామాన్ల ట్రూప్‌బజారు పక్కనే కాబట్టి కొత్త వైరు దొరికింది. కరెంటున్నప్పుడు కొరికి ఉంటే తమరి ప్రాణం ఎవరు తెచ్చిస్తారు? తమరి ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతాయి, అరగదీసుకోక తప్పదు. దానికేగా చింతపిక్కలు, కొబ్బరి చిప్పలు పెట్టింది!

రాములవారు తమరి వీపు నిమిరిన కథ వాల్మీకి రాయలేదు. మన రంగనాథ రామాయణంలో ఉంది. ఆ కథ విని పెరిగినందుకే తమరి మీద ఒక్క రాయి విసరలేదు. సేతువుకు ఇసుక మోసిన వంశానికి, తిండి పెట్టిన ఇంటి వైరు కొరకడం తగునా?

రోడ్డవతల మహిళా విశ్వవిద్యాలయం ఉంది. 1803 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఆవరణ అది. అక్కడికి పొమ్మనడం తేలికే. కానీ మధ్యలో తెరిపి లేని బస్సులు. పిల్లల్ని నోట కరుచుకుని ఆ రోడ్డు దాటమనడానికి నాకు మనసొప్పదు.

కాబట్టి ఇక్కడే ఉండండి. చిటారు కొమ్మ కాయలు తమరివి, చేతికందేవి మావి. మొదలుపెట్టిన కాయ పూర్తిగా తినండి. వైర్ల జోలికి, బొంతల జోలికి రాకండి.

కోఠిలో ఇంకా పెరడున్నవాళ్లకు కూడా ఒక మనవి: ఉన్న చెట్టును కొట్టకండి. ఈ సందుల్లో ఉడుతలకు మన పెరళ్లు తప్ప మరో చోటు మిగల్లేదు.

ఇట్లు,
జామచెట్టు ఇంటివారు