గోల్ఫు పద్యానికి ధర్మపురి టీక

అవతారిక: ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఉద్యోగానికి బెంగళూరు. ఇలాంటి ధర్మపురి తెలుగువాడికి ఆఫీసు సావాసంతో గోల్ఫు పిచ్చి పట్టి, పబ్లిక్ కోర్సులో తొలిసారి కాలుపెట్టబోతుంటే అతని క్షేమం కోరి రాసిన టీక ఇది. ఆ ఆట పుట్టిన స్కాట్లాండుతో మన ఊరికి పాత చుట్టరికమే ఉంది. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1792 నుంచి 1799 దాకా మన ఊరున్న బారామహల్‌లో పనిచేస్తూ ధర్మపురిలో కాపురమున్నాడు. ఆ తర్వాత రాయలసీమకు వెళ్లి మన్రోలయ్య అయ్యాడు. ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది రైత్వారీ శిస్తే గాని గోల్ఫు కాదు.

మూలం:

బంతి చిన్న గుంత బహుదూరమున నుండు
నడుమ నిసుక నీళ్లు నాల్గు చెట్లు
కొట్టినట్టి దెబ్బ గురితప్పి పోవంగ
ముందు గాలిమీద మోపు నెపము

ప్రతిపదార్థం: బంతి చిన్న = 42.67 మిల్లీమీటర్ల వ్యాసానికి తగ్గకూడదని నియమం ఉన్నా, పొదలో పడ్డాక ఆవగింజంతే; గుంత = 108 మిల్లీమీటర్ల వెడల్పుది; బహుదూరమునన్ = జెండా కనబడుతుంది, గుంత కనబడదు; నడుమన్ = దారిలో; ఇసుక = బంకరు, దిగినవాడే తన అడుగుజాడలు చెరిపి రావాలి; నాల్గు చెట్లు = ఛందస్సు కోసం నాల్గన్నాడు, నలభై అని గ్రహించాలి; గురితప్పి పోవంగన్ = ఎప్పటిలాగే; నెపము మోపున్ = సంచిలో 14 కర్రలకు మించి ఉండరాదు గాని నెపాలకు పరిమితి లేదు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: మన దేశంలో పబ్లిక్ కోర్సులు అరుదు. ఢిల్లీలో డీడీఏ వారి కుతుబ్ కోర్సు అలాంటిది. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు వంటివి సభ్యులవి. పబ్లిక్ కోర్సులో గ్రీన్ ఫీజు కట్టినవాడే ఆ పూటకు సభ్యుడు. తొలి దెబ్బ కొట్టే టీ దగ్గర గడ్డికి బదులు చాప ఉంటే అలగకూడదు. కాలరున్న చొక్కా మరవకూడదు. ఒంటరిగా వెళ్తే ముక్కూమొహం తెలియని ముగ్గురితో జతచేస్తారు. వారిలో ఒకాయన మీ మోచేతి వంపు నుంచి మడమ దాకా సరిచేస్తాడు. పోటీలో సలహా చెబితే రెండు దెబ్బల జరిమానా అని నియమముంది. అది ఆదివారం పూట ఎవరికైనా పడగా మేం చూడలేదు.

బంతి తప్పిపోతే వెతకడానికి గడువు మూడే నిమిషాలు. 2019కి ముందు ఐదుండేది. పొదలో వంగి వెతుకుతున్నవాడికి మూడు నిమిషాలు చిటికెలో అయిపోతాయి, వెనక నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడ్డవాడికి అదే ఒక యుగం. గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద బంతి పడి చేసిన పల్లాన్ని పూడ్చి కదలడం ధర్మం. పూడ్చకపోతే ఆ పల్లంలో తర్వాతివాడి బంతి దారి తప్పుతుంది, అప్పుడు గాలిమీద నెపం మోపడానికి వాడికీ వీలుండదు.

పాఠాంతరం: నాలుగో పాదానికి "ముందు వాళ్లమీద మోపు నెపము" అని ఇంకో పాఠం ఉంది. గణభంగం లేదు, యతి చెడలేదు, కాబట్టి తోసిపుచ్చలేం. గాలి పాఠం సభ్యుల క్లబ్బులో పుట్టిందనీ, రెండోది పబ్లిక్ కోర్సులో ఆదివారం ఉదయం నాలుగో గుంత దగ్గర ఇరుక్కుపోయినవాడు దిద్దుకున్నదనీ మా ఊహ. 18 గుంతలు పూర్తికావడానికి మామూలుగా నాలుగు గంటలు పడుతుంది. ముందు నలుగురూ ప్రతి దెబ్బకూ శకునం చూసుకుంటూ నిలబడితే మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి జరుగుతుంది. ఇసుకకూ నీళ్లకూ మందుంది, ముందు నలుగురికి లేదు.

నిర్ణయం: రెండో పాఠమే గ్రాహ్యం. అయితే పాఠకుడు ఒకటి గమనించాలి. సరిగ్గా అదే వేళకు వెనకవాళ్లు మిమ్మల్ని చూస్తూ ఆ పాఠాన్నే చదువుకుంటూ ఉంటారు. వాళ్లు దగ్గరికొస్తే బంతి సంగతి పక్కన పెట్టి, ఓ వారకు జరిగి, "మీరు కానివ్వండి" అనండి.