సంపద్విభాగం గారు

మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద శనివారం సాయంత్రం ఆరింటికి గీత మొదలవుతుంది. మొదట్లో ఘంటసాల గారి రికార్డు పెట్టి మొదలుపెట్టేవాళ్ళం. రెండో వారానికే పక్క సందులోంచి ఇద్దరు పెద్దమనుషులు కండువాలు వేసుకుని వచ్చి, "ఎవరండీ పోయింది?" అని మెల్లగా అడిగారు. దాంతో రికార్డు మానేసి సంపద్విభాగం గారి గొంతుతో సరిపెట్టుకుంటున్నాం.

ఆయన అసలు పేరు మా స్టీలు గ్లాసుల మీద ఉంది కాబట్టి ఇక్కడ రాయను. రిటైరైన ఇంజనీరు. గీతలో పద్దెనిమిది అధ్యాయాలున్నా ఆయనకు పదహారోదంటేనే ప్రాణం. దైవాసుర సంపద్విభాగ యోగం. "ఇరవై నాలుగు శ్లోకాలే, కానీ అందులో అందరూ ఉన్నారండీ" అంటారు. అందరూ అంటే ఆయన కాక మిగతావాళ్ళు.

ఆ పేరు విని 403లో కొత్తగా దిగిన ఆయన ఒకరు మొదటి రోజు వీలునామా జిరాక్సు పట్టుకుని వచ్చారు, ఆస్తి పంపకాల గురించి చెబుతారేమోనని. "ఇక్కడ సంపద అంటే పొలం కాదండీ, గుణం!" అని మన ఆయన అరగంట చీవాట్లు పెట్టారు. పొలం సంపద్విభాగం ఆయనకు వేరే ఉంది. తండ్రి వదిలిపోయిన ఎకరంన్నర కొబ్బరితోట మీద సొంత తమ్ముడితో పదకొండేళ్ళుగా దావా నడుస్తోంది. వాయిదా ఉన్న వారం పాఠం కాస్త ఘాటుగా ఉంటుంది.

మొదటి మూడు శ్లోకాల్లో దైవీ గుణాలు ఇరవై ఆరు. అభయంతో మొదలై నాతిమానితతో ముగుస్తాయి. ఆయన వాటిని ఇంజనీరింగు పరీక్ష పేపరులా దిద్దుకున్నారు. ఇరవై ఆరుకి ఇరవై నాలుగు. రెండు ఎందుకు తగ్గాయండీ అంటే, "మరీ నిండుగా వేసుకుంటే బావుండదని" అన్నారు. నాతిమానిత అంటే తన గురించి తాను గొప్పగా అనుకోకపోవడం. దానికి మాత్రం పూర్తి మార్కు వేసుకున్నారు.

నాలుగో శ్లోకానికి వచ్చేసరికి గొంతులో కొత్త ఊపు వస్తుంది. అక్కడ ఆసురీ గుణాలు ఆరు. దంభం అంటే ధర్మాన్ని జెండాలా ఎగరేసుకోవడమని శంకరాచార్యుల వారి భాష్యం. ఇది చెబుతూ, శ్రీరామనవమి ఫ్లెక్సీలో రాముడి కంటే పెద్ద ఫోటో వేయించుకున్న సెక్రటరీ గారి కుర్చీ వైపు చెయ్యి చూపిస్తారు. దర్పం అంటే ధనమో, అయినవాళ్ళో ఉన్నారని పొంగిపోవడం. అక్కడ చూపు కొత్త కారు కొన్న 304 మీద వాలుతుంది. పారుష్యం, అంటే కరుకుమాట, ఎంత గట్టిగా వివరించారంటే, తననే పిలుస్తున్నారనుకుని వాచ్‌మన్ అయిదంతస్తులు ఎక్కి వచ్చాడు.

ఇక గ్లాసులు. సత్సంగంలో మజ్జిగ కోసం ఆయన నలభై గ్లాసులు ఇచ్చారు. ఒక్కోదాని మీద చుక్కల అక్షరాలతో ఆయన పేరు, వారి నాన్నగారి పేరు, ఆయన చివరి హోదా, రిటైరైన సంవత్సరం కొట్టించి ఉన్నాయి. గ్లాసు చిన్నది, చరిత్ర పెద్దది. అందుకని హోదా అడుగువైపుకి జారిపోయింది. మజ్జిగ మొత్తం తాగి గ్లాసు ఎత్తితేగానీ ఎదుటివాడికి ఆయన సూపరింటెండింగ్ ఇంజనీరని తెలియదు. ఆ గ్లాసే చేత్తో పట్టుకుని పదిహేడో శ్లోకంలోని నామయజ్ఞాలు వివరిస్తారు. "పేరుకి చేసే యజ్ఞాలండీ! లోకం ఎలా తయారైందో చూడండి!" అని ఒక గుటక వేస్తారు. పాఠం అయ్యాక లెక్కపెడతారు. ఒకసారి ముప్ఫై తొమ్మిదే తేలాయి. ఆ ఒక్కటీ ట్యాంకు పక్కన దొరికేదాకా లోభం మీద అదనపు ప్రసంగం నడిచింది, మెట్లకు అడ్డంగా నిలబడి.

ఒక శనివారం నేను పుస్తకం మరిచిపోయి వెళితే తన ప్రతి ఇచ్చారు. నాలుగో శ్లోకం అంచున పెన్సిలుతో ఫ్లాట్ల నంబర్లు వేసి ఉన్నాయి. దర్పం పక్కన 304. అభిమానం పక్కన 501. అజ్ఞానం పక్కన 202. 202 మాదే. నాకు ఒళ్ళు మండింది. చూస్తే క్రోధం పక్కన ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడా మా నంబరే పడేట్టుందని చప్పున పుస్తకం మూసేశాను.

(ఒకరి లోపం మరొకరి దగ్గర బయటపెట్టడాన్ని పైశునం అంటారు. అది లేకపోవడం ఆ ఇరవై ఆరింటిలో ఒకటి. ఈ వ్యాసంతో నాకది పోయిందని నాకూ తెలుసు.)

ఆయన ఎప్పుడూ గబగబా దాటేసేది అయిదో శ్లోకం. ఈ రెండు జాబితాలూ విన్న అర్జునుడు నేను ఏ పక్షమో అని దిగులుపడి ఉంటాడు. కృష్ణుడు విచారించకు, నువ్వు దైవీ సంపదతోనే పుట్టావని ఊరడిస్తాడు. గాండీవం పట్టినవాడికి వచ్చిన ఆ అనుమానం మన ఆయనకు ఒక్క శనివారమూ రాలేదు. నాకూ, నంబరు చూసిన ఆ రోజు దాకా, రాలేదు.

పోయిన వారం పన్నెండు పూర్తయింది. పదమూడు నుంచి పదిహేను దాకా అసురుడు తనలో తాను మాట్లాడుకుంటాడు, పదహారులో నరకంలో పడతాడు. ఆయన గొంతు సవరించుకోగానే ఫోను మోగింది. పిట్టగోడ దగ్గరికి నడిచారు గానీ, సైట్ల మీద అలవాటైన గొంతు.

"చెప్పండి వకీలు గారూ! మనకే వచ్చిందా? ఈ ముక్క దక్కింది కదా, రోడ్డువార నాలుగు సెంట్లూ వదలొద్దు. వాడి పని అయిపోయింది. ఆ బావమరిది సంగతి కూడా తేల్చేద్దాం. డబ్బుదేముందండీ! మా వంశమేంటి, వాడెంత, నాతో పెట్టుకుంటాడా? ముందు శివాలయంలో అభిషేకం చేయిస్తా. అన్నదానం పెట్టిస్తా. అందరం సరదాగా గడుపుదాం."

మా అందరి ఒళ్ళోనూ పుస్తకాలు తెరిచే ఉన్నాయి. అందరి వేళ్ళూ తాత్పర్యం వరసల వెంట కదులుతున్నాయి. దాదాపు ఒక్క మాట తప్పలేదు. మధ్యలో 101 మామ్మగారు పేజీ కూడా తిప్పారు.

ఆయన వెలిగిపోతున్న ముఖంతో వచ్చి కూర్చుని, "ఎక్కడ ఆపాం?" అన్నారు.

మామ్మగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఆపలేదు నాయనా. పదిహేను దాకా చెప్పావు. పదహారు అందుకో."