మూడో కార్బన్ కాపీ

నన్ను చదివినవాళ్ళ కంటే నా మీద టీ గ్లాసు పెట్టినవాళ్ళే ఎక్కువ. అట్ట మీది గుండ్రటి మరకలే సాక్ష్యం. నేనొక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని. అందులోనూ మూడో కార్బన్ కాపీని. టైపు మిషను దెబ్బ పైకాగితానికి తగిలినంత గట్టిగా నాకు తగల్లేదు. నా అక్షరాలు పుట్టుకతోనే మసక.

నన్ను కన్నది భూపేన్ హజారికా. అవును, పాటల భూపేన్‌దాయే. 1926లో అస్సాం కొసన సదియాలో పుట్టాడు. 1939లో వచ్చిన ‘ఇంద్రమాలతి’ సినిమాలో చిన్నపిల్లాడిగానే పాడాడు. తర్వాత బుద్ధిగా చదువుకున్నాడు. కాశీలో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసి, 1949లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1952లో నా పుణ్యమా అని డాక్టరయ్యాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వమే.

నా లోపల ఉన్న గొడవంతా ఒకటే. చదువురాని పెద్దవాళ్ళకి చూపించి, వినిపించి ఎలా నేర్పాలి? ఆ పనికి మన బేసిక్ విద్యను ఎలా సిద్ధం చేయాలి? 1951 జనాభా లెక్కల్లో నూటికి 18 మందికే అక్షరం ముక్క వచ్చు. మిగతావాళ్ళ చేతిలో పుస్తకం పెట్టి ఏం లాభం?

నేను తయారవుతున్న ఊళ్ళోనే ఆయనకి పాల్ రాబ్సన్ పరిచయమయ్యాడు. నల్లజాతి హక్కుల కోసం నిలబడ్డ మహాగాయకుడు. మిసిసిపీ మీద ఆయన పాడిన ‘ఓల్ మేన్ రివర్’ మా నాన్న చెవిలో పడి, అక్కడే ఉండిపోయింది. అదే తర్వాత బ్రహ్మపుత్రను నిలదీసే ‘బిస్తీర్ణ పారొరే’ అయింది. వరసకి నాకు చెల్లెలు.

ఇంటికొచ్చి గౌహతి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఇక నా రోజులొచ్చాయనుకున్నాను. ఎన్నాళ్ళో నిలవలేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, పాట చెయ్యి పట్టుకుని కలకత్తా వెళ్ళిపోయాడు. చెల్లెలు బెంగాలీలోకి, హిందీలోకి తిరిగింది. నేను ఆఫీసు బీరువా దాటలేదు.

ఆ తర్వాత నా సంగతి అడగకండి. వానాకాలపు చెమ్మకి కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. గుండుసూది తుప్పుపట్టి మొదటి పేజీకి చిల్లు పడింది. ఖాళీగా ఉన్న చివరి కాగితాన్ని ఎవరో చింపుకుని సరుకుల పద్దు రాసుకున్నారు. ఒకసారి బల్ల కాలు పొట్టిదైతే కింద నన్నే దూర్చారు. ఆర్నెల్లు ఆఫీసు బరువంతా మోశాను.

ఓ మధ్యాహ్నం, ఊడ్చే ముసలాయన నా మీద టేప్ రికార్డరు పెట్టి క్యాసెట్ వేశాడు. మా నాన్న పాడిన ‘దోలా’ పాట. పల్లకీ మోసే బోయీల గోడు. మీ తెలుగువాళ్ళకైతే శ్రీశ్రీ గుర్తొస్తాడు. మోసేవాళ్ళ అడుగుల ఊపు నా కాగితాల్లోకి దిగింది. సంతకం రాక జీతాల రోజున వేలిముద్ర వేసే మనిషి ఆయన. చీపురు గోడకి ఆనించి, పాట అయ్యేదాకా కుడి భుజం తడుముకుంటూ నిలబడ్డాడు. నేను ఇంగ్లీషులో ప్రతిపాదించినది నా నెత్తి మీదే అమలవుతోంది. మా నాన్న మీద పెట్టుకున్న అలక ఆ రోజే సగం తగ్గింది.

2011 నవంబరు 5న ఆయన ముంబయిలో కన్నుమూశాడు. గౌహతిలో కడసారి చూపుకి లక్షల మంది వచ్చారు. అంత్యక్రియలు జరిగిన స్థలం గౌహతి విశ్వవిద్యాలయం ఇచ్చినదే. రాజీనామా ఇచ్చి వెళ్ళిన మనిషిని పాట మళ్ళీ అక్కడికే మోసుకొచ్చింది. 2019లో భారతరత్న కూడా ఇచ్చారు.

ఆ టేప్ రికార్డరు ఎప్పుడో పాడైపోయింది. దాని నాలుగు రబ్బరు కాళ్ళ అచ్చులు మాత్రం నా అట్ట మీద, టీ మరకల పక్కనే ఉన్నాయి. ఎవరైనా గుడ్డతో తుడవబోతే నాకు భయం, వాటిని కూడా మరకలే అనుకుంటారేమోనని.