పర్సు తెరిస్తే పాట బాగుపడునట!

హైఫై భక్తులకు పునర్జన్మ మీద నమ్మకం మెండు. ఎంపీ3గా కుదించేటప్పుడు చచ్చిపోయిన ధ్వని, తగిన దక్షిణ సమర్పించుకుంటే హాల్లోని స్పీకర్లలో మళ్లీ పుడుతుందని వాళ్ల విశ్వాసం. దక్షిణలకు పట్టిక కూడా ఉంది. వెండి పూత యూఎస్‌బీ కేబుల్‌కు ఇంత, కరెంటులోని ‘మలినాలు’ కడిగే డబ్బాకు ఇంత, రూటర్ పక్కన కొలువుండే ‘ఆడియోఫైల్’ స్విచ్‌కు ఇంత. పాట మాత్రం ఎక్కడిదంటే, ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన 128 కేబీపీఎస్ ఫైలు!

ఆ ధ్వనిని ఎవరు పారేశారో రహస్యమేమీ కాదు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం మొహమాటం లేకుండా చేసిన పని అది. మృదంగం గట్టిగా మోగిన క్షణాన దాని చాటున ఉన్న సన్నటి సవ్వడి చెవికి అందదు. అందనిదాన్ని మోయడం దండగన్నారు, తీసేశారు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుంటే 128 ఎంపీ3లో మిగిలింది దాదాపు పదకొండో వంతు. అంత పిసినారితనంతో కుదిస్తే తాళాల మోత, చప్పట్ల హోరు నలిగినట్టు వినిపిస్తాయి, నిజమే. కానీ తీసేసింది ఏ తీగలోనూ దాక్కుని లేదు.

అయినా మనవాళ్లు ఊరుకుంటారా? ఆ ఎంపీ3నే కంప్యూటర్‌లో ఫ్లాక్‌గా మారుస్తారు. ఫైలు ఐదారు రెట్లు బరువెక్కుతుంది, యజమాని ఛాతీ కూడా. మసిపూసి మారేడుకాయ చేయడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఫ్లాక్ తనకిచ్చినదాన్ని నష్టం లేకుండా దాస్తుందే తప్ప, అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చదు. పైగా 1951 నాటి ‘మల్లీశ్వరి’లో ఘంటసాల పాడిన మోనో పాటను యూట్యూబ్ నుంచి దించి, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ అని ముద్ర కొట్టి పంచే దాతలున్నారు. యూట్యూబ్ ఇచ్చేదే కుదించిన ధ్వని. అంకె పెరిగింది, పాట పెరగలేదు.

ఇక కేబుళ్ల మహిమ. యూఎస్‌బీ తీగలో నడిచేవి ఒకట్లూ సున్నలూ. చేరితే చేరతాయి, చేరకపోతే పాట టపటపలాడుతుంది, లేదా ఆగుతుంది. ‘కాస్త వెచ్చగా’, ‘పొర విడినట్టు’ చేరడమంటూ ఉండదు. మన జీతం కూడా ఇలాంటి తీగల మీదుగానే బ్యాంకుకు చేరుతుంది. తీగకు వెండి పూత పూస్తే జీతం పెరిగిన దాఖలా లేదు.

అమెరికాలో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు 2007లో ఒక సవాలు విసిరాడు. 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌నూ మామూలు తీగనూ చూడకుండా, విని మాత్రమే తేడా పట్టినవారికి పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు. అదే ఏడాది మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని, దాన్నే సీడీ స్థాయికి దించిన ధ్వనిని పక్కపక్కన వినిపించారు. విన్నవాళ్లలో రికార్డింగ్ ఇంజనీర్లూ ఉన్నారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మాబొరుసూ వేసినా అంతే వచ్చేది.

షాపులో తేడా స్పష్టంగా వినపడిందంటారా? రెండో కేబుల్ తగిలించేటప్పుడు సేల్స్‌మన్ చెయ్యి వాల్యూమ్ మీద ఉందేమో చూశారా? ఏ కాస్త గట్టిగా వినిపించినా చెవి దాన్నే మేలైనదంటుంది. చెవి తడబడ్డ చోట రసీదు సాక్ష్యం చెబుతుంది. లక్ష పోసినవాడికి తేడా వినపడక చస్తుందా!

ఇంకో ముచ్చట. లాస్‌లెస్ స్ట్రీమింగ్‌కు నెలనెలా చందా కడతారు, ఆ పాటను బ్లూటూత్‌లో స్పీకర్‌కు పంపుతారు. మామూలు బ్లూటూత్ దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. నష్టం లేని పాటకు డబ్బు కట్టి, నష్టాన్ని ఉచితంగా పొందడం ఇదే.

పాట నిజంగా బాగుపడాలంటే దారులు చవకగానే ఉన్నాయి, అదే వాటి పాపం. యాప్‌లో డేటా పొదుపు తీసేసి నాణ్యత పెంచండి. బీరువాలోని అసలు సీడీ నుంచి నేరుగా ఫ్లాక్ చేసుకోండి. గది మూలకు నెట్టిన స్పీకర్లను గోడకు ఎడంగా జరపండి. మూలలో బాస్ బండబారుతుంది. బోసిపోయిన గోడకు మందపాటి పరదా, నున్నటి టైల్స్ మీద తివాచీ వేయండి. అప్పటికీ డబ్బు మిగిలితే మంచి స్పీకర్లు కొనండి, తేడా అక్కడే వినపడుతుంది. ఆ తర్వాత కూడా ఎవరైనా వచ్చి తీగ అంటగట్టబోతే, కళ్లకు గంత కట్టుకుని తేడా చెప్పమనండి. చెప్పలేకపోతే తీగ ఆయన దగ్గరే ఉండనివ్వండి, పర్సు మీ దగ్గర.