వీరుడి వీపు

అద్దంలో ముఖం కనబడదు. అదీ నా గోల. పోనీ పగిలిన అద్దమా అంటే కాదు. చెక్కిన బంగారు చట్రం, నాలుగు మూలలా డ్రాగన్లు, పేరు ముందు 'పురాతన' అనే బిరుదు ఉన్న నిలువుటద్దం. ఎదురుగా నిలబడితే మాత్రం బూడిదరంగు పొగ. నా వీరుడు కత్తి తీసి గాల్లో తిప్పినా, డాన్సు బటన్ నొక్కి గంతులేయించినా ఆ పొగ కదలదు.

ఆట పేరు అడక్కండి, ఏ ఫాంటసీ ఆన్‌లైన్ ఆటలోనైనా తంతు ఇదే. ఫలానా గుహలో ఫలానా రాక్షసుణ్ణి చంపితే వస్తువు తాలూకు ఆచూకీ 'డ్రాప్' అవుతుంది. ఎప్పుడో. ఆ రాక్షసుడు చచ్చి, క్షణాల్లో పుట్టి, మళ్ళీ నా చేతిలోనే చస్తాడు. మోక్షానికి దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా లేదు వాడికి. ఆచూకీ దొరికాక ఎడారికి పోయి బ్రష్షుతో మట్టి దులపాలి. ఇంతా చేస్తే, వస్తువు కింద వివరణలో ఇద్దరు పండితులు అది ఏ రాణిగారిదని కొట్టుకుంటూ ఉంటారు. ఈ అద్దంలో ఆవిడ బొట్టెలా పెట్టుకుందో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగరు.

అద్దం అంచుల్లో మచ్చలు మాత్రం అచ్చం నిజమైనవే. వెనకటికి అద్దాలకు తగరం, పాదరసం కలిపి పూసేవారు. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వెండి పూత పద్ధతి కనిపెట్టాకే ఆ ఆనవాయితీ మెల్లగా పోయింది. ఆ పాత పూత చెడిపోతే అంచుల్లో నల్లమచ్చలు పడతాయి. ఎవరో మహానుభావుడు కూర్చుని ఆ మచ్చల్ని ఒక్కొక్కటీ వేశాడు. అద్దానికి ముసలితనం ఇచ్చారు, ఉద్యోగమే ఇవ్వలేదు.

గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాణ్ణి నిలదీశాను. నిజమైన ప్రతిబింబం కావాలంటే గది మొత్తాన్ని అద్దం వైపునుంచి రెండోసారి గీయాలట, కంప్యూటర్‌కి అదనపు చాకిరీ. ఇంకో చవకదారి ఉందట: తెరమీద అప్పటికే ఉన్న బొమ్మను తీసి అద్దంలో అతికించడం. తెరమీద లేనిది అందులోకి రాదు. "మీకు తెరమీద కనబడేది మీవాడి వీపే కదంకుల్!" అన్నాడు.

మరి 1996లో ఎలా చేశారయ్యా? సూపర్ మారియో 64లో అద్దాల గది ఉంది. అక్కడ అద్దమనేదే లేదు. అవతల అచ్చం అలాంటి గదే ఇంకొకటి కట్టి, అందులో ఇంకో మారియోని నిలబెట్టారు. ఆ రెండోవాడి గురించి నాకు బెంగ. ఇవతలివాడు గెంతితే గెంతాలి, ఆగితే ఆగాలి. నాణేలు ఇవతలివాడికి, నక్షత్రాలు ఇవతలివాడికి, రాకుమారి కృతజ్ఞత ఇవతలివాడికి. ఇవతలివాడు గది దాటి వెళ్ళాక వాడేం చేస్తాడో పట్టించుకున్న నాథుడు లేడు. 1964లో రామారావుగారు 'రాముడు భీముడు'లో రెండు వేషాలు కడితే చెరొక హీరోయిన్ని ఇచ్చారు, పాటలిచ్చారు. ఈ అభాగ్యుడికి టైటిల్స్‌లో పేరైనా లేదు. పైగా ఆ అవతలి గదిలో, మబ్బు మీద కూర్చుని కెమెరా పట్టుకున్న లకిటూ కూడా కనబడతాడు. అంటే కెమెరామన్‌కి కూడా డూప్! అదే ఏడాది వచ్చిన డ్యూక్ న్యూకెమ్ 3డీలో అద్దం పెట్టాలంటే దాని వెనక పెద్ద ఖాళీ గది వదలాలి. అద్దం కోసం అంత జాగానా? ఈ మాట కోకాపేట బిల్డర్ల చెవిన పడకూడదు.

ఇవన్నీ సరేగానీ, కుర్రాడు వీపన్న మాట నన్ను వదల్లేదు. పాత్రను తయారు చేసిననాడు ముక్కు వంపుకే ఒక సాయంత్రం పట్టింది. దవడ, కనుబొమ్మలు, కంటిపాప రంగు, స్లైడర్లన్నీ జరిపి జరిపి చెక్కాను. ఆనాటినుంచి చూస్తున్నది వీపే. కెమెరా తిప్పుకోవచ్చుగా అంటారు. తిప్పొచ్చు. ఎవరో పరాయివాణ్ణి రోడ్డుమీద ఆపి ముఖంలోకి చూసినట్టుంటుంది.

ఆ ముఖాన్ని తీరిగ్గా చూసినవాళ్ళు మా గిల్డువాళ్ళే, అంటే ఆటలో నా జట్టువాళ్ళే. ఆటలోని నా మేడకొచ్చి, నేల మీద చతికిలబడి, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినవాళ్ళు. ఇప్పుడు స్నేహితుల జాబితాలో అన్నీ ఆఫ్‌లైన్ పేర్లే. ఒకడికి పెళ్ళయింది, ఇంకొకడికి నైట్ షిఫ్టు, ఒకామె ఎందుకు మానేసిందో ఎవరికీ తెలియదు. మనుషులు పోతే ఇళ్ళూ నిలవవు. ఫైనల్ ఫాంటసీ 14లో 45 రోజులు ఇంట్లో అడుగు పెట్టకపోతే ఆ ఇల్లు కూల్చేస్తారు. స్టార్ వార్స్ గెలాక్సీస్‌లో ఊళ్ళకు ఊళ్ళు ఆటగాళ్ళే కట్టుకున్నారు. 2011 డిసెంబరు 15న సర్వర్లు ఆపేస్తే అన్నీ సామాన్లతో సహా పోయాయి. నా అద్దం కూడా చట్టప్రకారం నాది కాదు. వాళ్ళు ఉంచినన్నాళ్ళు చూసుకోవడానికి నాకిచ్చిన అనుమతి, అంతే. అది చూసుకోవడానికే పనికిరాదన్నది వేరే సంగతి.

మొన్న ఆదివారం డాలస్‌లో ఉన్న పాత గిల్డుమిత్రుడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, నా వీరుడి ముఖం ఎలా ఉండేదిరా?"

"ఇంకా ఆడుతున్నావా నువ్వు?" అన్నాడు. వెనక పిల్ల ఏడుస్తోంది. కాసేపు ఆలోచించి, "మీసాలుండేవి కదూ?" అన్నాడు.

"వాడు ఎల్ఫురా! ఎల్ఫుకి మీసాలేంట్రా!"

"మరి ఆ మీసాలాయన ఎవడ్రా?"